ఓపీ ఖాళీగా ఉందని మురిసిపోవద్దు

అమ్మీ,

ఆదోనిలో కంటి విభాగంలో డ్యూటీలో చేరావని అన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. మళ్లీ కరోనా లాంటిది వస్తే కంటి ఓపీకి ఎవరిని రమ్మనాలి, ఎవరిని ఆపాలి అని నన్ను అడగమన్నావట. ఆపడం గురించి నువ్వు బుర్ర పాడుచేసుకోకు. జనం వాళ్లంతట వాళ్లే ఆగిపోతారు. రావలసినవాళ్లను రప్పించడమే అప్పుడు నీ పని.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టారు. ఏప్రిల్‌కల్లా కేసుల్లో కర్నూలు రాష్ట్రంలోనే ముందు వరసకొచ్చింది. ఎక్కడ చూసినా బారికేడ్లు, బస్సులు బంద్, ఆసుపత్రి అంటేనే హడల్. కంటి ఓపీ వెలవెలబోయింది. దురదకో, అద్దాల చెకప్‌కో వచ్చేవాళ్లు రాకపోతే నష్టం లేదు. కానీ రెటీనా, అంటే కంటి వెనక పొర, ఊడినవాళ్లూ, నల్లగుడ్డు మీద పుండు పడినవాళ్లూ కూడా ఇంట్లోనే కూర్చున్నారు. వాళ్లంతా తర్వాత వచ్చారు, చెయ్యగలిగింది తక్కువ మిగిలాక. ఒక్క మన దగ్గరే కాదు, చాలా దేశాల్లో అదే వరస: ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లు తగ్గారు, వచ్చినవాళ్లు ముదరబెట్టుకుని వచ్చారు.

మన వైపు సంగతే చూడు. బోర్ల కింద వేసిన బుడ్డలు (వేరుశనగ) పీకేది సరిగ్గా ఆ మార్చి, ఏప్రిల్ నెలల్లోనే. కట్టె దులిపేటప్పుడు మట్టో ఆకో కంట్లో కొట్టుకుంటుంది. మామూలు రోజుల్లో అయితే మర్నాడు బస్సెక్కి వచ్చేవాడు. బస్సు లేక, ఊళ్లో మందుల షాపులో చుక్కలు అడిగి వేసుకుంటాడు. అందులో స్టెరాయిడ్ ఉందనుకో, రెండ్రోజులు ఎరుపు తగ్గుతుంది, లోపల ఫంగస్ మాత్రం ఏపుగా పెరుగుతుంది. నీ దగ్గరికి వచ్చేసరికి నల్లగుడ్డు తెల్లగా పాలిపోయి ఉంటుంది. మందులతో పుండు మానినా పువ్వు, అదే తెల్లమచ్చ, మిగిలిపోతుంది. అందుకే ఎవరు ఫోన్ చేసినా మొట్టమొదట అడగాల్సింది ఇదే: ఇప్పటిదాకా ఏ చుక్కలు వేశారు? పేరు తెలియకపోతే సీసా ఫొటో పంపమను.

తర్వాత చూపు. 'బాగానే కనిపిస్తోంది మేడం' అంటే నమ్మవద్దు, రెండు కళ్లతో చూసి చెబుతుంటారు. అరచేత్తో ఒక కన్ను పూర్తిగా మూసి, గోడ మీద క్యాలెండర్‌లో తారీకులు చదవమను. తర్వాత రెండో కన్ను. ఒక కన్ను పోయిన సంగతి అప్పుడు తెలిసినవాళ్లను నేను చూశాను.

వాట్సాప్ ఫొటోను నెత్తిన పెట్టుకోకు. ఫొటోలో ఎరుపు కనిపిస్తుంది, రెటీనా కనిపించదు. ఎర్రగా ఉన్న కన్ను చూసి అందరికీ టెన్షన్. నా లెక్కలో తెల్లగా, నొప్పి లేకుండా ఉండి, చూపు పోయిన కన్ను దానికంటే భయపెట్టేది. మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు, పక్కనుంచి తెర దిగినట్టు ఉందంటే రెటీనా అనుకుని ఆ రోజే పెద్దాసుపత్రికి పంపు. మధ్యభాగం ఊడకముందే ఆపరేషన్ అయితే చూపు బాగా దక్కుతుంది. తలనొప్పి, వాంతులు, బల్బు చుట్టూ రంగుల వలయాలు అంటే కంట్లో ప్రెషర్ పెరిగిందేమో చూడు. ఆ రోజుల్లో వాంతులన్నా తలనొప్పన్నా ముందు జ్వరం క్యూలో నిలబెట్టేవారు, కన్నెవరు చూస్తారు?

సున్నం పడినా, శానిటైజర్ పడినా ఫోన్‌లోనే చెప్పెయ్: ముందు నీళ్లు, తర్వాతే ప్రయాణం. కొళాయి కింద కనీసం అరగంట కడగాలి, రెప్పలు తిప్పి మరీ. సున్నం పలుకులు రెప్ప కింద దాక్కుంటాయి. షాపుల ముందు కాలితో తొక్కే శానిటైజర్ స్టాండ్లు పెట్టారే, వాటి మూతి సరిగ్గా చిన్నపిల్లల కంటికి ఎదురుగా ఉండేది. ఎవరి తెలివో!

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల రెటీనా పరీక్ష ఏ వేవ్ వచ్చినా వాయిదా వెయ్యవద్దు. పుట్టిన 30 రోజుల లోపు జరగాలి, మరీ చిన్న బిడ్డలకైతే ఇంకా ముందే. శుక్లం ఆపరేషనైన వారంలో నొప్పి, చూపు మందగింపు అంటే అదీ అంతే.

2021 మేలో బ్లాక్ ఫంగస్ సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. షుగర్ ఉండి, కోవిడ్‌కు స్టెరాయిడ్ వాడినవాళ్లలో ఒకవైపు ముఖం వాచి, రెప్ప వాలి, ఒకటి రెండుగా కనిపించేది. అది ఈఎన్‌టీ వాళ్లకూ మనకూ కలిసిన కేసు, గంటలు లెక్క.

నీ జాగ్రత్త కూడా చూసుకో. వూహాన్‌లో ముందే హెచ్చరించి 2020 ఫిబ్రవరిలో చనిపోయిన లీ వెన్‌లియాంగ్ కంటి డాక్టరే. కన్ను పెద్దగా చేసి చూసే స్లిట్ ల్యాంప్ దగ్గర పేషెంటు ఊపిరి మన ముఖం మీదే ఉంటుంది. మధ్యలో ప్లాస్టిక్ షీటు కట్టించు, పరీక్ష చేసేటప్పుడు మాట్లాడవద్దను. అడగాల్సినవి ముందే దూరం నుంచి అడిగెయ్.

ఒక పని మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. గ్లకోమా (కంటి ప్రెషర్ జబ్బు) వాళ్లవీ, కంట్లో ఇంజెక్షన్లు వేయించుకునేవాళ్లవీ, కొత్తగా ఆపరేషనైనవాళ్లవీ ఫోన్ నంబర్లు రిజిస్టర్‌లో వేరే పేజీల్లో రాసుకో. ముసలివాళ్ల నంబరు ఒక్కటే చాలదు, చాలామంది ఫోన్ ఎత్తరు. కొడుకుదో, ఊరి ఆశా కార్యకర్తదో పక్కన ఉండాలి. దూరం పంపేటప్పుడు చీటీ మీద 'అత్యవసరం' అని పెద్దక్షరాలతో రాసి, ఆసుపత్రి ముద్ర వేసి ఇవ్వు. బారికేడ్ దగ్గర కానిస్టేబుల్ చూసేది దాన్నే.

మీ అత్త,
కర్నూలు