నాన్న జీపుకు వేరే ఇంజన్: అప్పు చేసి వేయించాలా?

ప్రశ్న: సార్, మాది హాలియా దగ్గర ఊరు. వయసు 41. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో అకౌంటెంట్‌ని, జీతం 48 వేలు. నా భార్య మగ్గం వర్క్ చేస్తుంది, నెలకు 9 వేల దాకా వస్తాయి. హోమ్‌లోన్ ఈఎంఐ 14,500, చిట్టీకి 10 వేలు, ఇంటి ఖర్చు 22 వేలు. చిట్టీ 3 లక్షలది, ఇంకా 14 నెలలుంది, బాబు ఇంటర్ ఫీజు కోసం వేశాం. బ్యాంకులో 2 లక్షల 60 వేలు ఎఫ్‌డీ ఉంది. మా నాన్నకు 1991 మోడల్ మహీంద్రా ఎంఎం 540 జీపు ఉండేది, బత్తాయి తోటకు దాంట్లోనే పోయేవాడు. 2019లో ఆయన పోయినప్పటి నుంచి వేపచెట్టు కింద ఉంది. ఆర్సీ 2021లో అయిపోయింది. ఇంజన్ బోరుకొచ్చింది (సిలిండర్లు అరిగిపోయాయి), పార్టులు దొరకవు, బొలెరో డీఐ ఇంజన్ వేద్దామని మెకానిక్ అంటున్నాడు. మొత్తం పని 3 లక్షల 70 వేలట. పర్సనల్ లోన్ 4 లక్షలు తీసుకోవాలా, నా భార్య బంగారం ఏడు తులాలు కుదువ పెట్టాలా? తయారైతే పెళ్ళిళ్ళకు, నాగార్జునసాగర్, దాని బ్యాక్‌వాటర్ దగ్గరున్న వైజాగ్ కాలనీ చూడటానికి వచ్చే హైదరాబాద్ వాళ్ళకు కిరాయికి ఇస్తాను, ఈఎంఐ అదే కట్టుకుంటుంది. ఒకాయన ఉన్నది ఉన్నట్టు 1,10,000కు అడుగుతున్నాడు. మేం అన్నదమ్ములం ఇద్దరం, ఒక చెల్లె.

జవాబు: మెకానిక్ రాసిచ్చిన నోట్‌బుక్ కాగితం ఫొటో కూడా పంపారు, మంచి పని చేశారు. ఇంజన్, ఫిట్టింగ్ కలిపి 1,45,000. టింకరింగ్, పెయింటు 90 వేలు. ఐదు టైర్లు 40 వేలు. బ్రేకులు, స్టీరింగ్, వైరింగ్ 45 వేలు. హుడ్, సీట్లు 30 వేలు. చివర్లో 'ఇతరములు' 20 వేలు. కూడితే లెక్క సరిపోయింది. కానీ ఆ కాగితంలో ఆర్సీ అనే మాట ఎక్కడా లేదు. ఇన్సూరెన్స్ అనే మాటా లేదు. మెకానిక్‌ది తప్పనను, అది ఆయన పని కాదు. మీ పని అది.

ముందు కిరాయి సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ప్లానంతా దాని మీదే నిలబడింది. మీది తెల్లబోర్డు బండి, అంటే సొంత వాడకానికి రిజిస్టర్ అయింది. దాన్ని డబ్బులు తీసుకుని తిప్పాలంటే ట్రాన్స్‌పోర్ట్ వాహనంగా రిజిస్టర్ కావాలి, పర్మిట్, ఫిట్‌నెస్, ఆ ట్యాక్సులు అన్నీ కట్టాలి. 1991 జీపుతో అదంతా అయ్యే పని కాదు. 'ఎవరు చూస్తారు సార్' అంటారేమో. ఎవరూ చూడకపోవచ్చు, యాక్సిడెంట్ అయ్యేదాకా. సొంతానికని పాలసీ తీసుకుని కిరాయికి తిప్పితే, ఆ రోజు ఇన్సూరెన్స్ కంపెనీ మొదట పట్టుకునేది ఆ పాయింటే. నలుగురు టూరిస్టులు ఎక్కిన జీపు ఘాట్‌లో బోల్తా పడితే ట్రిబ్యునల్ వేసే నష్టపరిహారం మీ ఇంటి మీదికి రావచ్చు. కాబట్టి ఆ నెలసరి ఆదాయాన్ని సున్నా అని రాసుకోండి. చుట్టాల పెళ్ళికి ఊరికే ఇస్తే అది వేరే విషయం.

కిరాయి సున్నా అయితే ఈఎంఐ మీ జీతంలోంచే పోవాలి. 4 లక్షలు, 14 శాతం వడ్డీ, ఐదేళ్ళు అనుకుంటే నెలకు 9,300 పడుతుంది. ఐదేళ్ళలో మీరు కట్టేది 5 లక్షల 58 వేలు. మీ ఇద్దరి సంపాదన 57 వేలు. ఈఎంఐ, చిట్టీ, ఇల్లు కలిపి 46,500. మిగిలేది 10,500. అందులో 9,300 జీపుకు పోతే 1,200 మిగులుతాయి. ఒక్క దసరా చాలు అది ఊడ్చుకుపోవడానికి.

బంగారం మీద తీసుకుంటే వడ్డీ మామూలుగా పర్సనల్ లోన్ కన్నా తక్కువే, నిజం. కానీ అసలు ఎక్కడి నుంచి కడతారు? ఏటేటా వడ్డీ కట్టి తిరగరాయించుకోవడం, ఒక ఏడాది అదీ కుదరక నోటీసు రావడం, ఈ కథ మా ఆఫీసులో కూర్చుని చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇంకొకటి. ఇంత పెద్ద ఉత్తరంలో ఆ ఏడు తులాల గురించి మీ భార్య ఏమందో ఒక్క ముక్క లేదు. ఆమె సరేనంటే మీరు రాసేవారని నా అనుమానం. 'మిల్లు సేఠ్ రెండు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడు' అని చివర్లో చిన్నగా రాశారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. దాని గురించి ఇంతకన్నా మాట్లాడను. చిట్టీ ముందే పాడుకుందామనే ఆలోచన వస్తే, అది బాబు ఫీజు అని గుర్తు చేసుకోండి. ఎఫ్‌డీ మీ ఐదున్నర నెలల ఖర్చు. మిల్లు ఉద్యోగానికి ఆ మాత్రం అండ ఉండాల్సిందే.

అట్లని జీపు అమ్మేయమని నేను చెప్పడం లేదు. నాన్న బండిని బాగు చేయించుకోవడం తప్పేమీ కాదు. పెట్టుబడి అనే మాట మాత్రం దాని పక్కన పెట్టకండి. బిడ్డ పెళ్ళికి పెట్టినట్టు, ఇంటికి రంగులు వేయించినట్టు, ఇది ఖర్చు. అప్పు తేకుండా, నెలనెలా మిగిలేదాంట్లోంచి, రెండేళ్ళు తీసుకుని చేయండి.

ఇప్పుడు ఇంజన్ దగ్గరికి వద్దాం. మీ నాన్న జీపులో ఉన్నది ప్యూజో ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్ అయి ఉండాలి. నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, 2,112 సీసీ. మెకానిక్ వేస్తానంటున్న డీఐ ఇంజన్ 2,523 సీసీ. లాగుడు ఎక్కువే ఉంటుంది, పార్టులు ప్రతి ఊళ్ళో దొరుకుతాయి, ఆయన చెప్పింది అబద్ధం కాదు. అయితే బోల్టులు విప్పి ఒకటి తీసి ఇంకొకటి దించితే అయిపోయే పని కాదది. మౌంటింగులు మార్చాలి, గేర్‌బాక్సుకు కలవడానికి బెల్ హౌసింగ్ (రెంటినీ కలిపే డబ్బా) దగ్గర లేత్ పని ఉంటుంది, క్లచ్ ప్లేటు, రేడియేటర్, సైలెన్సర్ పైపు, ఒక్కోసారి ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కూడా మారుతుంది. ఆ 'ఇతరములు 20 వేలు' అనే గీత కింద ఇవన్నీ దాక్కుని ఉన్నాయి.

దానికన్నా పెద్దది కాగితాల సంగతి. ఆర్సీలో ఇంజన్ నంబర్, సీసీ రాసి ఉంటాయి. వేరే రకం ఇంజన్ వేస్తే ఆ రెండూ మారతాయి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. ఇంజన్ మార్చితే ఆర్టీఏకు చెప్పాలి, ఆర్సీలో ఎక్కించుకోవాలి. అందుకే ఇంజన్‌కు అడ్వాన్స్ ఇవ్వకముందే ఆర్టీఏ ఆఫీసుకు పోయి 'ఈ జీపుకు ఈ ఇంజన్ వేస్తే ఎక్కిస్తారా' అని దరఖాస్తు పెట్టండి. నోటిమాట నమ్మకండి. ఆ సెకండ్ హ్యాండ్ ఇంజన్ ఏ బండిలోంచి తీశారో ఆ బండి ఆర్సీ కాపీ, ఇంజన్ నంబర్ వేసి ఇచ్చిన బిల్లు లేకపోతే అది ఎంత చవకైనా వద్దు. ఏ దొంగ బండిదో అయితే పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగేది మీరు. ఆర్సీలో ఒక నంబర్, బండిలో ఒక నంబర్ ఉంటే రేపు క్లెయిమ్ దగ్గరా ఇదే తంటా.

పాత ఇంజన్‌నే బోరు చేయించి వేసుకుంటే ఈ గొడవే లేదు, నంబర్ అదే ఉంటుంది. కాబట్టి నా సలహా ఇది. కొన్ని వేలు ఖర్చయినా సరే, ముందు హెడ్ (ఇంజన్ పైభాగం) విప్పించి చూడండి. బ్లాకు పగుళ్ళు లేకుండా ఉందా, బోరు ఎంత అరిగింది, క్రాంకు గ్రైండింగ్‌కు వస్తుందా. నాజిళ్ళు, డీజిల్ పంపు విడిగా పంపు షాపులో చూపించండి. పార్టులు దొరకవు అన్నమాట ఒక్క మెకానిక్ నోట విని ఒప్పుకోకండి. ఈ ఇంజన్‌తో మహీంద్రా బండ్లు ఏళ్ళ తరబడి తిరిగాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఒక రోజు తిరిగి, రింగులు, పిస్టన్లు, బేరింగులకు నాలుగు షాపుల్లో ధర రాసుకుని రండి. బస్సు ఖర్చు దండగ కాదు. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకున్నాక ఇంజన్ మార్చాలా వద్దా అన్నది మీకే తెలిసిపోతుంది.

ఈలోపు పెద్ద ఖర్చు లేకుండా చేయగలిగిన పని ఒకటుంది. జీపు ఇంకా మీ నాన్న పేరు మీదే ఉంది కదా. అంటే చట్టం లెక్కలో అది మీ ఒక్కరిది కాదు. అమ్మ ఉంటే అమ్మది, అన్నది, చెల్లెది కూడా. మీరు మూడు లక్షలు పెట్టి మెరిపించాక 'నాన్న బండిలో నాకూ వాటా ఉంది' అని ఎవరైనా అంటే ఏం చేస్తారు? మీ వాళ్ళు అట్లాంటివాళ్ళు కాదంటారు. సరే, అయితే సంతకం పెట్టడానికి వాళ్ళకు అభ్యంతరం ఉండదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు మీసేవలో పెట్టండి, మిగతా వారసుల నో అబ్జెక్షన్ అఫిడవిట్లు తీసుకోండి, ఫారం 31తో పేరు మార్పిడికి అడగండి. యజమాని పోయిన తర్వాత మూడు నెలల్లో చేయాల్సిన పని ఇది, మీకు ఏళ్ళు గడిచాయి. ఆలస్యానికి ఏం పడుతుందో అక్కడే అడగండి. ఆర్సీ చేతిలోకి తీసుకుని ఇంకోటి చూడండి: హైపోథికేషన్ (అప్పుకు తాకట్టు) అని ఏదైనా ఫైనాన్స్ పేరు ఉందా? అప్పు తీరిపోయినా ఆ గీత కొట్టేయించని బండ్లు ఊళ్ళల్లో బోలెడు. ఉంటే ఫారం 35, ఆ ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌ఓసీ కావాలి. వాళ్ళు దుకాణం ఎత్తేసి ఉంటే అదో పెద్ద కథ, అది మొదట్లోనే తెలియడం మేలు.

రెన్యువల్ ఫీజు కూడా లెక్కలో వేసుకోండి. 2025 ఆగస్టులో కేంద్రం పెంచిన ప్రకారం 20 ఏళ్ళు దాటిన కార్లు, జీపుల రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు 10 వేలు. ఆలస్యానికి నెలకు 500 చొప్పున అదనం. 48 నెలలు అనుకున్నా అదే 24 వేలు. గ్రీన్ ట్యాక్స్ వేరే. బండిని ఇన్‌స్పెక్టర్‌కు చూపించాలి కాబట్టి అది నడిచే స్థితికి వచ్చాకే ఇది అవుతుంది. అయినా బాకీ ఎంతో ఇప్పుడే అడిగి రాసుకోండి. పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు రోడ్డెక్కకూడదని ఎవరో భయపెట్టారన్నారు. అది ఢిల్లీ చుట్టుపక్కల సంగతి, మన నల్లగొండకు లేదు. వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి అడిగారు, దానికి బండికి 50 ఏళ్ళు దాటాలి, పైగా ఇంజన్, ఛాసిస్ మార్చి ఉండకూడదు.

డబ్బు ఎట్లా అంటే, నెలకు 7 వేలు విడిగా బ్యాంకులో ఒక ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. ఏటా ఒక నెల జీతం బోనస్ వస్తుందన్నారు, ఒక్క ఏడాది బోనస్ దీనికి ఇవ్వండి. 14 నెలల్లో 98 వేలు, బోనస్ 48 వేలు, కలిపి 1,46,000. చిట్టీ అయిపోయాక నెలకు 10 వేలు ఖాళీ అవుతాయి, అందులో సగం కలిపి 12 వేలు చొప్పున పది నెలలు వేస్తే ఇంకో 1,20,000. రెండేళ్ళలో 2,66,000, ఒక్క రూపాయి వడ్డీ లేకుండా. దీనికి మెకానిక్ చెప్పిన పనులన్నీ రావు. మొదట ఛాసిస్ తుప్పు చూపించండి, కమాన్లు, బ్రేకులు, స్టీరింగ్, ఆ తర్వాత ఇంజన్. పెయింటు, హుడ్, సీట్లు అన్నిటికన్నా చివర. పెయింటు వేస్తే తుప్పు కనపడదు గానీ పోదు. టైర్లు, బ్యాటరీ బండి కదిలే నెలలోనే కొనండి, ముందే కొంటే చెట్టు కిందే ముసలివైపోతాయి.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఒకసారి తప్పు చేశాను. మా నాన్న బజాజ్ చేతక్ బాగుచేయించాలని 18 వేలని మొదలుపెట్టాను. మొదట పెయింటే వేయించాను, కంటికి బాగుంటుందని. తర్వాత ఇంజన్ విప్పితే క్రాంకు పోయింది, దాన్ని దించి ఎక్కించేటప్పుడు కొత్త పెయింటంతా గీతలు. ట్యాంకు ఒక షాపులో, ఇంజన్ ఇంకో షాపులో, నాలుగు నెలలు. చివరికి 41 వేలయింది. స్కూటర్ అయితే సరిపోయింది, జీపైతే ఇంకెంతయ్యేదో. ఒకేసారి అడ్వాన్స్ ఇవ్వకండి. ఒక్కో పని అయ్యాక దాని డబ్బులు, విప్పిన పాత పార్టులు మీ ఇంటికి రావాలి.

సందర్భం కాదు కానీ ఇంకొక్క మాట. మీ ఉత్తరంలో హెల్త్ పాలసీ ఊసే లేదు. మీ జీతం ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) పరిమితి 21 వేలు దాటింది కాబట్టి అది మీకు వర్తించదు. మిల్లు వాళ్ళు వేరే పాలసీ ఏమీ తీసి ఉండకపోతే, నెలకు మిగిలే 10,500లో జీపు వాటా పోను ఉన్న 3,500 లోంచి ముగ్గురికీ కలిపి ఒకే హెల్త్ పాలసీ, ఫ్యామిలీ ఫ్లోటర్ అంటారు, తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. జీపు ఆర్‌డీ కన్నా ముందు ఇది.

1,10,000కు అడుగుతున్నాయనకు ఇప్పుడే కాదని చెప్పకండి, ఔననీ చెప్పకండి. హెడ్ విప్పాక బ్లాకు పగిలి ఉందని తేలితే, ఆర్టీఏ వేరే ఇంజన్‌ను ఆర్సీలో ఎక్కించేది లేదంటే ఆయనే మీకు దారి. సొంతానికి వాడుకున్న బండి అమ్మితే మూలధన లాభం పన్ను ఉండదు, వచ్చింది వచ్చినట్టు పంచుకోవచ్చు, వారసులందరూ సంతకాలు పెట్టాక. సగం విప్పిన జీపును మాత్రం ఆయన కూడా ఆ ధరకు తీసుకోడు. అందుకే హెడ్ తప్ప ఇంకేదీ ఇప్పటికి విప్పనివ్వకండి.