నూడుల్స్‌తో మిగిల్చిన 1,500 కార్డు వడ్డీకే పోతోంది

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక్కడినే గది తీసుకుని ఉంటున్నాను. చేతికి 26,000 జీతం వస్తుంది. మెస్‌లో రాత్రి భోజనం 80 రూపాయలని మూడు నెలలుగా రోజూ రెండు ప్యాకెట్ల నూడుల్స్ ఉడికించుకుని తింటున్నాను. నెలకు 1,500 మిగులుతోంది. దీంతో సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) మొదలుపెట్టమంటారా? క్రెడిట్ కార్డు బాకీ 40,000 ఉంది, మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం) 2,000 తప్పకుండా కడుతున్నాను. సరుకులూ కార్డు మీదే కొంటాను. నెలాఖరుకు డబ్బు చాలక లోన్ యాప్‌లో 5,000 తీసుకుని జీతం రాగానే తీర్చేస్తున్నాను.

జవాబు: సిప్ ఊసు ఇప్పుడొద్దు. చాలామంది యువకులు చేస్తున్న పొరపాటే మీదీ. కడుపు మాడ్చుకుని రూపాయి రూపాయి మిగిలిస్తారు, అప్పు మాత్రం కదలదు.

మీ కార్డుకు నెలకు మూడున్నర శాతం వడ్డీ అనుకుందాం. 40,000కు 1,400, దాని మీద జీఎస్టీ 252. మొత్తం 1,652. రాత్రి తిండి తగ్గించి మిగిల్చింది 1,500. పైగా మినిమమ్ డ్యూ మాత్రమే కట్టేవారికి కొత్త కొనుగోళ్లపై వడ్డీలేని గడువు ఉండదు. మీరు కార్డు గీకి కొన్న నూడుల్స్ ప్యాకెట్‌కూ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతోంది. ఈరోజు నుంచి సరుకులు నగదుతోనో డెబిట్ కార్డుతోనో కొనండి.

ఇక లోన్ యాప్. 5,000 అప్పులో ఫీజుల కింద 750 ముందే కోసుకుని 4,250 ఇచ్చి, పదిహేను రోజులకు 5,000 కట్టించుకుంటే అది నూటికి నెలకు ముప్పై అయిదు రూపాయల వడ్డీ. ఊళ్లో పది రూపాయల వడ్డీ అంటేనే గుండె ఆగుతుంది కదా, దీనికి ఎలా ఒప్పుకుంటున్నారు? ఆ యాప్ వెంటనే తీసేయండి. అందులో అప్పు మిగిలి ఉంటే ముందు అదే తీర్చండి. బెదిరింపు ఫోన్లు వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

ప్రతి నెలాఖరుకూ అప్పు చేయడానికి కారణం ఒక్కటే, మీ దగ్గర ఎమర్జెన్సీ ఫండ్, అంటే అత్యవసరానికి పక్కన పెట్టిన డబ్బు లేదు. కార్డు బాకీని 18 నెలల ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగండి. ఏడాదికి 18 శాతానికి ఇస్తే వాయిదా సుమారు 2,550, జీఎస్టీతో మొదటి నెల 2,660 దాకా. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే కనుక్కోండి. ఇప్పుడు కడుతున్న 2,000కు మిగులు 1,500 కలిపితే మీ చేతిలో 3,500. అందులో వాయిదా పోగా సుమారు 850 నిలుస్తుంది. జీతం పడిన రోజే దాన్ని వేరే సేవింగ్స్ ఖాతాకు పంపండి. ఆ ఖాతాను యూపీఐకి కలపొద్దు. ఆరు నెలల్లో అయిదు వేలు దాటుతుంది, యాప్‌ను అడుగుతున్నదీ ఆ మొత్తమే. తర్వాత ఒక నెల ఖర్చు, ఆపైన మూడు నెలల ఖర్చు జమయ్యేదాకా ఆపొద్దు. ఆరోగ్య బీమా కంపెనీ ఇస్తోందో లేదో హెచ్‌ఆర్‌ను అడగండి.

తిండి గురించీ చెప్పాలి. ఇలాగే తింటూ పోతే రేపు ఆస్పత్రి ఖర్చుకూ మళ్లీ అప్పే చేస్తారు. రెండు ప్యాకెట్లంటే అంతా మైదా, పైగా రోజుకు మించకూడని 5 గ్రాముల ఉప్పులో చాలా భాగం ఆ ఒక్క గిన్నెలోనే ఉంటుంది. రెండు ప్యాకెట్లకు అయ్యే ఆ 30 రూపాయల్లోనే ఒక ప్యాకెట్, ఒక గుడ్డు, కాస్త కూర వస్తాయి. సగం ఉల్లిపాయ, పిడికెడు క్యాబేజీ, ఒక పచ్చిమిర్చి చెంచా నూనెలో రెండు నిమిషాలు వేయించి 200 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి. నీళ్లు మరిగాకే నూడుల్స్, సగం మసాలా వేయాలి. నీళ్లు ఇంకి అడుగున రెండు మూడు చెంచాలే ఉండగా గిలక్కొట్టిన గుడ్డు పోసి, అర నిమిషం కదపకుండా ఉంచి, తర్వాత కలిపి దించండి. నీళ్లు ఎక్కువగా ఉంటే గుడ్డు విరిగినట్టయి నీచు వాసన వస్తుంది. దించాక మూత పెట్టి వదిలేస్తే నూడుల్స్ ఉబ్బి జావవుతాయి.

ఇదీ వారానికి మూడు రాత్రులే. మిగతా రోజులు అర గ్లాసు బియ్యం, పావు గ్లాసు పెసరపప్పు కుక్కర్‌లో పెట్టుకోండి. పులగానికి మెస్ ఖర్చులో సగం కూడా కాదు. ప్యాకెట్లు కిరాణా కొట్లో ఒకేసారి కొనండి. రాత్రి పదింటికి యాప్‌లో ఒక్క ప్యాకెట్ తెప్పిస్తే డెలివరీ చార్జీయే దాని ధరను మించిపోతుంది.