ప్రశ్న–జవాబు: ఎలిఫ్ గొలుసులో వరుసదే పెత్తనం

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతున్నాను. మార్కుల శాతం ఇస్తే మన ఒడిశా పదో తరగతి బోర్డు గ్రేడు చెప్పే ప్రోగ్రామును కంప్యూటరు భాష పైతాన్‌లో రాశాను. 33 వస్తే ఇ, 40 వస్తే డి అంటూ 90 దాకా విడివిడిగా "అయితే" అనే షరతులు, అంటే ఇఫ్‌లు పెడితే, 95కు ఇ నుంచి ఏ1 దాకా ఏడు గ్రేడులూ వచ్చాయి. మొదటి ఇఫ్‌ను ఉంచి మిగిలినవన్నీ "అది కాక ఇదైతే" అనే అర్థమిచ్చే ఎలిఫ్‌గా మార్చాక 95కు కూడా ఇ గ్రేడే వస్తోంది. లోపం ఎక్కడుందో దయచేసి చెప్పండి.
– ఒక విద్యార్థిని

జవాబు: ఎలిఫ్‌కు మారడం సరైన పనే. ఇక మార్చవలసింది షరతుల వరుస. ఇలా ఒకదాని కింద ఒకటి వచ్చే ఇఫ్, ఎలిఫ్‌ల గొలుసులోని షరతులను యంత్రం పై నుంచి కిందికి ఒక్కొక్కటిగా చూస్తుంది. మొట్టమొదట ఏది నిజమైతే దాని కిందనున్న పని చేసి, మిగిలినవాటి వైపు కన్నెత్తి కూడా చూడకుండా గొలుసు దాటి వెళ్లిపోతుంది. 95 ఎలాగూ 33 కన్నా ఎక్కువే కనుక మీ ప్రోగ్రాము మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. పై గ్రేడు నుంచి మొదలుపెట్టండి:

ఇఫ్ శాతం >= 90: గ్రేడు = "ఏ1"
ఎలిఫ్ శాతం >= 80: గ్రేడు = "ఏ2"
ఎలిఫ్ శాతం >= 70: గ్రేడు = "బి1"

ఇలాగే 60కి బి2, 50కి సి, 40కి డి, 33కు ఇ రాసి, చివర ఎల్స్ (ఇవేవీ కాకపోతే) కింద ఎఫ్ పెట్టండి. (ఇఫ్, ఎలిఫ్, ఎల్స్ అనే మాటలను ఇంగ్లీషులోనే టైపు చేయాలి, శాతం, గ్రేడు వంటి చలరాశుల పేర్లు తెలుగులో ఉన్నా పైతాన్ 3 అంగీకరిస్తుంది.)

ఇప్పుడు 72 ఇచ్చి కాగితం మీద నడిపించి చూడండి. 90 దగ్గర కాదు, 80 దగ్గర కాదు, 70 దగ్గర అవును, గ్రేడు బి1. మూడో వరుసలో "80 కన్నా తక్కువ" అని మనం ఎక్కడా రాయలేదు, అయినా ఆ మాట అందులో ఉంది, ఎందుకంటే పైనున్న రెండు షరతులూ తప్పితే తప్ప ఎవరూ ఆ వరుస దాకా రారు. ప్రతి ఎలిఫ్‌నూ "పైవేవీ కాకపోతే" అనే మాటతో కలిపి చదవడం అలవాటు చేసుకొమ్మని మిమ్మల్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. గొలుసులో జరిగే పొరపాట్లలో సగానికి పైగా అలా పైకి చదువుతున్నప్పుడే దొరికిపోతాయని నా నమ్మకం. కింది గ్రేడు నుంచే రాయాలనుకుంటే గుర్తును తిప్పి, 33 కన్నా తక్కువైతే ఎఫ్, 40 కన్నా తక్కువైతే ఇ అంటూ పైకి వెళ్లవచ్చు. అదీ అంతే సరైనది.

కొందరు ఇంకా జాగ్రత్తగా ఉందామని ప్రతి వరుసలోనూ "70 నుంచి 79 వరకు", "80 నుంచి 89 వరకు" అని రెండు హద్దులూ రాస్తారు. 600 మార్కులకు 477 తెచ్చుకున్న పిల్లకు వచ్చేది 79.5 శాతం. ఆమె 79కి పైన, 80కి కింద ఉండిపోయి ఏ వరుసకూ చెందదు. చివర ఎల్స్ ఎఫ్ అని ఉంటే, బి1 రావలసిన పిల్లను ప్రోగ్రాము ఫెయిలు చేసేస్తుంది. అందుకే హద్దుల మీద నిలిచే 33, 40, 90 వంటి అంకెలతోనూ, వాటికి కాస్త అటూ ఇటూ ఉన్న అంకెలతోనూ పరీక్షించనిదే ప్రోగ్రాము పూర్తయిందని అనుకోకండి.

ప్రశ్న: మాది గజపతి జిల్లా కాశీనగరం. మా బడి పిల్లలు తుపాను హెచ్చరిక ప్రోగ్రాము రాశారు. వాన 204.5 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వర్షం, 115.6 దాటితే అతి భారీ, 64.5 దాటితే భారీ అని చెప్పాక, దాని కిందే ఎలిఫ్‌తో గాలి వేగం 34 నాట్లు (గాలి వేగాన్ని కొలిచే ప్రమాణం) దాటితే తుపాను అని రాశారు. వాన ఎక్కువున్న రోజున గాలి మాటే రావడం లేదు.
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: వాతావరణ శాఖ వాడే హద్దులనే పిల్లలు తీసుకున్నారు, వరుస కూడా సరిగ్గానే ఉంది. చిక్కంతా రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే గొలుసులో కట్టడం వల్ల వచ్చింది. వాన ఎంత అనేది ఒక ప్రశ్న, గాలి ఎంత అనేది మరొక ప్రశ్న. ఒకదానికి జవాబు దొరికిందని రెండోదాన్ని అడగకుండా వదలరాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ జిల్లా గాలినీ వాననూ ఒక్కసారే చూసింది కనుక పిల్లలకు ఈ తేడా చెప్పడం మీకు కష్టం కాదు. గాలి దగ్గర ఎలిఫ్ తీసేసి కొత్త ఇఫ్‌తో రెండో గొలుసు మొదలుపెట్టించండి. అందులో 64 నాట్ల అతి తీవ్ర తుపాను ముందు, 48 నాట్ల తీవ్ర తుపాను తరవాత, 34 చివర రావాలి.

ప్రశ్న: 70 <= శాతం < 80 అని రాస్తే పైతాన్‌లో సరిగా పనిచేస్తోంది, సి భాషలో మాత్రం ఏ అంకె ఇచ్చినా నిజమే అంటోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: పైతాన్ దాన్ని లెక్కల పుస్తకంలో లాగానే చదువుతుంది. సి మాత్రం ముందు 70 <= శాతం అన్న ముక్కను తేల్చి, నిజమైతే 1, కాకపోతే 0 చేసి, ఆ ఫలితాన్ని 80తో పోలుస్తుంది; 0 అయినా 1 అయినా 80 కన్నా తక్కువే. శాతం >= 70 && శాతం < 80 అని రెండు ముక్కలుగా రాయండి (మధ్యనున్న జంట గుర్తుకు "రెండూ నిజమైతేనే" అని అర్థం). హెచ్చరికలు చూపించమని అడిగితే జీసీసీ కంపైలరు (సి ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనం) ఈ తప్పును వరుస సంఖ్యతో సహా పట్టి ఇస్తుంది. ఆ ఐచ్ఛికాన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుకోండి.