మీ నాన్న ఇంటికొచ్చేలోపు

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినవన్నీ మీ నాన్న గుండె బైపాస్ ఆపరేషన్ గురించే. ఎన్ని గంటలు పడుతుంది, ఎన్ని బ్లాకులు, ఎన్ని యూనిట్ల రక్తం. అవన్నీ డాక్టర్లు చూసుకుంటారు. అందులో నువ్వు చేయగలిగేది రక్తం ఇచ్చేవాళ్లని పోగేయడం, బయట బెంచీ మీద కూర్చోవడం. నీ అసలు పని మీ నాన్నని బెజవాడ సత్యనారాయణపురంలో ఇంటి ముందు కారు దింపిన నిమిషం నుంచి మొదలవుతుంది. ఆ సంగతి ఒక్క మాట కూడా అడగలేదు నువ్వు. ఆరేళ్ల కిందట నాకు ఇదే ఆపరేషన్ అయినప్పుడు నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నా. ఫోన్లో చెబుదామంటే మధ్యలో అక్కయ్య లాక్కుని ఏడుస్తుంది.

అక్కయ్యకి ముందు ధైర్యం చెప్పు. మన గుంటూరు పెద్దాసుపత్రిలో 2016లోనే గుండె మార్పిడి చేశారు, ఇప్పుడు బైపాస్‌కి అంత బెంగ అక్కర్లేదని చెప్పు. మీ నాన్న రిటైరైనా రైల్వే మనిషే గదా, ఆయనకి ఇంకో మాట చెప్పు. మన దేశంలో మొదటి బైపాస్ 1975లో చేసింది మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలోనే. ఆ మాటకి ఛాతీ ఉబ్బుతుంది ఆయనకి. అయితే ఆపరేషన్‌కి ముందే చెప్పు, తర్వాత ఉబ్బితే నొప్పెడుతుంది.

సరే, విషయానికొస్తా. రొమ్ము మధ్య ఎముకని నిలువునా కోసి, పనయ్యాక స్టీలు తీగలతో బిగిస్తారు. ఆ తీగలు జన్మంతా లోపలే ఉంటాయి. పైన కుట్లు రెండు మూడు వారాల్లో మానినట్టే కనిపిస్తాయి గానీ, లోపల ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, బాగా గట్టిపడడానికి మూడు నెలలు పడుతుంది. చెయ్యి విరిగితే పిండికట్టు వేస్తారు, ఎవరికైనా కనిపిస్తుంది. దీనికి అలాంటిదేం ఉండదు. చొక్కా తొడిగితే మనిషి ఎప్పటిలాగే ఉంటాడు. ఉండబట్టే చిక్కు. చూసినవాళ్లూ మర్చిపోతారు, ఆయనా మర్చిపోతాడు. నా లెక్క ఒకటే: చేతులకు సెలవు, కాళ్లకు పని. ఇంట్లో ఏది సర్దినా ఈ లెక్కన సర్దు.

మొదట మంచం. హాల్లో ఆ నవారు మంచం తీసేయ్. గుంటపడిన మంచంలోంచి లేవాలంటే చేతులు ఊనక తప్పదు. గట్టి పరుపు, మోకాలెత్తు మంచం కావాలి. లేవడం ఎలాగో ఆసుపత్రిలో ఫిజియోథెరపీ వాళ్లు నేర్పుతారు. మోకాళ్లు మడిచి, ఒళ్లంతా ఒక్క దుంగలా పక్కకి ఒత్తిగిల్లి, కాళ్లు కిందికి దించితే ఆ బరువుకి పైభాగం దానంతటదే లేస్తుంది. ఆ నేర్పేటప్పుడు నువ్వు వీడియో తియ్యి, ఇంటికొచ్చాక ఎవరికీ గుర్తుండదు. సాయం చేయాలనిపిస్తే వీపు వెనక అరచెయ్యి ఆనించు. చంకల్లో చేతులేసి లేపడం, రెండు చేతులూ పట్టి లాగడం వద్దు. ప్రేమకొద్దీ మా తోడల్లుడు నన్ను అలాగే లేపాడు. కళ్లముందు చుక్కలు కనిపించాయి.

తర్వాత పెరటివైపు దొడ్డి. ఇండియన్ టైపు గదా మీది. గొంతుక్కూర్చుని లేవడం కుదరని పని. నాలుగు కాళ్ల కమోడ్ కుర్చీ మెడికల్ సామాన్ల షాపులో దొరుకుతుంది, అద్దెకి కూడా ఇస్తారు. లోపల గడియ పెట్టుకోవద్దని చెప్పు, సిగ్గుపడితే బయట నువ్వు నిలబడు. నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుంది, ముక్కడం మంచిది కాదు. దానికి డిశ్చార్జి రోజే మందు రాయించుకో. మొహమాటపడి మూడోనాడు అడిగాను నేను, ఆ మూడు రోజులూ నరకం.

స్నానానికి ప్లాస్టిక్ స్టూలు, గోరువెచ్చని నీళ్లు. నిండు బకెట్ ఆయన ఎత్తకూడదు, జరపకూడదు. గాయం మీద రుద్దకుండా మెత్తని తువ్వాలుతో అద్దాలి. అక్కయ్య పసుపు రాద్దామంటుంది, పక్కింటావిడ కొబ్బరినూనె అంటుంది. డాక్టరు రాసింది తప్ప ఆ గాయానికి ఏదీ తగలకూడదు.

ఇక వంటింటి సంగతి. ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమాస్తాగా చేశానని తెలుసుగా. సీజన్లో తేజ రకం మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, గోడలెత్తున పేర్చి ఉంటే ఆ ఘాటులో కూర్చుని చిట్టా రాసేవాణ్ణి, ఒక్క తుమ్ము వచ్చేది కాదు. అలాంటివాణ్ణి, ఇంటికొచ్చిన రెండోరోజు మీ అత్తయ్య పప్పులోకి ఎండుమిరపకాయలు తాలింపు వేసేసరికి దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, ఎముక రెండుగా చీలుతోందా అన్నంత. చేతికి దిండు అందలేదు. మీ అత్తయ్య గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. ఆరోజు నుంచి నెలరోజులు తాలింపు పెరట్లో చిన్న గ్యాస్ స్టవ్ మీదే.

అందుకని ఒక గట్టి దిండు ఎప్పుడూ ఆయన ఒళ్లోనే ఉండాలి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా నవ్వొచ్చినా దాన్ని రొమ్ముకి గట్టిగా హత్తుకోవాలి. అలాగని నొప్పికి భయపడి దగ్గు ఆపుకోకూడదు. కఫం లోపల నిలిస్తే న్యుమోనియా. ఆసుపత్రిలో మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు, గాలి లోపలికి పీల్చి బంతులు లేపాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకి పదిసార్లు అంటారు. మీ నాన్న ఇది పిల్లల ఆట అని మూల పడేస్తాడు. నీ కొడుకుని పక్కన కూర్చోబెట్టి లెక్కపెట్టించు. మనవడి ముందు ఓడిపోడు.

నేను చేసిన తప్పు కూడా చెబుతా, మీ అత్తయ్యకి తప్ప ఎవరికీ తెలీదు. మూడో వారం. ఒళ్లు తేలిగ్గా ఉంది, ఇంట్లో ఎవరూ లేరు, మంచినీళ్ల టిన్ను అయిపోయింది. ఇరవై లీటర్లది, ఎత్తలేదు కూడా, కాస్త వంచి స్టాండ్ మీదికి నెట్టాను. రొమ్ములో టక్కుమని శబ్దం. అలాగే నేలమీద కూలబడ్డా. అదృష్టం బాగుండి తీగ తెగలేదు గానీ డాక్టరు పెట్టిన చివాట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి, ఛాతీ బెల్టు ఇంకో నెల పొడిగించారు. మొదటి ఆరు వారాలూ రెండు కిలోలు దాటిన వస్తువు ఏదీ ఆయన చేతికి అందకూడదు. నీళ్ల టిన్ను, కూరల సంచి, గ్యాస్ బండ, చంటిపిల్లలు, బీరువా తలుపు, గేటు గొళ్లెం అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. మీ ఇనప గేటు తుప్పుపట్టి ఉంది, ఈ వారమే నూనె వేయించు. రోజూ వాడే కళ్లజోడు, ఫోను, మందులు, చెంబు నడుమెత్తులో బల్ల మీద పెట్టు. పైకి చాచేదీ కిందికి వంగేదీ ఉండొద్దు.

బండి ఆరు నుంచి ఎనిమిది వారాలు ముట్టకూడదు, వెనక కూర్చోవడం కూడా వద్దు. బండి తాళం నువ్వు తీసుకో, అడిగితే సర్వీసింగ్‌కి ఇచ్చానని చెప్పు. అబద్ధమైనా పర్లేదు. కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి, సీటుబెల్టుకీ ఛాతీకీ మధ్య ఆ దిండే పెట్టు.

కాళ్లకి మాత్రం సెలవు లేదు. మొదట ఇంట్లోనే ఐదు నిమిషాలు, రోజుకి మూడుసార్లు. మూడు నాలుగు రోజులకోసారి రెండేసి నిమిషాలు పెంచుతూ పోతే సుమారు నెలన్నరకి అరగంట వస్తుంది. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే, మాట తెగుతుంటే తగ్గించాలి. ఎండలు ముదిరేలోపే ఇంటికొస్తాడు గానీ బెజవాడ ఎండ సంగతి నీకు తెలుసు, పొద్దున ఆరున్నరలోపు నడక అయిపోవాలి. బీఆర్‌టీఎస్ రోడ్డు మీదికి పోవద్దు, మీ వీధిలోనే అటూ ఇటూ. బైపాస్‌కి వాడే రక్తనాళం కాలి నుంచి తీస్తే ఆ కాలు వాస్తుంది. అది చూసి కంగారుపడొద్దు, కూర్చున్నప్పుడల్లా స్టూలు మీద ఎత్తిపెట్టాలి. కాలు మీద కాలు వేసుకునే అలవాటు మానాలి. రొమ్ము ఎడమపక్క కొన్ని నెలలు మొద్దుబారినట్టుంటే అదీ మామూలే. అమ్మవారికి మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నాడట గదా. ఇంద్రకీలాద్రికి ఘాట్ రోడ్డూ ఉంది, లిఫ్టూ ఉంది. మెట్ల సంగతి డాక్టరు సరేనన్నాకే.

మందుల విషయంలో నాకు జరిగింది విను. ఆసుపత్రిలో ఇచ్చిన బీపీ మాత్ర ఒక కంపెనీది, బయట కొన్నది ఇంకో కంపెనీది. పేర్లు వేరు, రంగు వేరు. రెండు వేర్వేరు మందులనుకుని నాలుగు రోజులు రెండూ మింగా. ఐదోరోజు మంచం దిగగానే కళ్లు తిరిగి గోడ పట్టుకున్నా. పెట్టె మీద కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు ఉంటుంది, అది చూసి ఒక కాగితం మీద పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని రాసి గోడకి అంటించు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్ర బాగానే ఉంది గదా అని ఎవరూ సొంతంగా ఆపకూడదు. ఆయనకి షుగర్ ఉంది, అది అదుపులో లేకపోతే గాయం మానదు, చీము పడుతుంది.

తిండికి పెద్ద పేచీ ఉండదు, మొదట్లో ఏదీ రుచించదు. అక్కయ్య ఏడుస్తుంది, నా చేతి వంట తినడం లేదని. నెల తిరిగేసరికి నాలుక మామూలవుతుంది. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు పెట్టండి. గుడ్డు తెల్లసొన, పప్పు, పెరుగు, చేప తింటే గాయం త్వరగా మానుతుంది. పేచీ అంతా ఉప్పుతోనే. రోజు మొత్తానికీ ఒక టీస్పూన్ లోపే. మనవాళ్లకి అది గోంగూర పచ్చడి రెండు ముద్దల్లోనే అయిపోతుంది. ఆయన కోలుకునే వేళకి సరిగ్గా కొత్తావకాయ సీజను. జాడీ ఈ ఏడాది మీ ఇంట్లో పెట్టొద్దు, మా ఇంట్లో పెట్టించుకోండి. వాసన తగిలితే ఆయన్ని ఆపడం నీ వల్ల కాదు.

చుట్టాలు. ఇది రాయకపోతే మీ అత్తయ్య ఊరుకోదు. మా ఇంటికి మొదటి ఆదివారం ఇరవై రెండు మంది వచ్చారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి కథ చెప్పాలి. ఒకాయన తన పెదనాన్న ఆపరేషన్ టేబుల్ మీదే పోయాడని నా మంచం మీద కూర్చుని చెప్పాడు. జలుబు, దగ్గు ఉన్నవాళ్లని గేటు దగ్గరే ఆపెయ్. మిగతావాళ్లకి సాయంత్రం ఐదు నుంచి ఆరు. చెడ్డపేరు నీకొస్తే రానీ.

ఇంకొకటి, చెప్పడానికి నాకే సిగ్గేసింది ఆరోజుల్లో. ఆపరేషన్ అయిన రెండో వారమో మూడో వారమో, సాయంత్రం నాలుగింటికి వీధిలో ఐస్ బండివాడి గంట వినబడింది. ఊరికే ఏడుపొచ్చింది. ఎందుకో ఇప్పటికీ తెలీదు. రాత్రిళ్లు నిద్రపట్టేది కాదు, చిన్నమాటకి కోపం. మీ నాన్న ఇరవై ఏళ్లు గార్డుగా చేసిన మనిషి, కన్నీళ్లు పెట్టడం మీరెవరూ చూసి ఉండరు. చూస్తే బెంబేలెత్తొద్దు, చాలామందికి వస్తుంది, చాలామందికి పోతుంది. "ధైర్యంగా ఉండాలి నాన్నా" అని పాఠం చెప్పకు. పక్కన కూర్చో చాలు. నెల దాటినా తగ్గకపోయినా, తిండి మానేసినా డాక్టరుకి చెప్పు.

రోజూ పొద్దున దొడ్డికెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూసి రాయి. ఒక్కరోజులో కిలో, వారంలో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, ఫోన్ చేయాలి. జ్వరం నూటొకటి దగ్గరికి వచ్చినా, గాయం ఎర్రబడి చీము కారినా, రొమ్ములో ఎముక కదులుతున్నట్టు టకటకమన్నా, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకున్నా ఆరోజే ఆసుపత్రికి. ఊపిరాడకపోయినా, ఛాతీలో బిగపట్టినట్టు నొప్పి వచ్చినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా డాక్టరుకి ఫోన్ కలిసేదాకా ఆగకు, 108కి చెయ్యి. ఆ వీధిలో అంబులెన్స్ తిరగాలంటే నీ కారు ఇంటిముందు అడ్డంగా ఉండకూడదు. చూసుకో.

కమోడ్ కుర్చీ కొనకు, నాది అటక మీదే ఉంది. మీ అత్తయ్య కడిగి ఎండలో పెట్టింది. దిండు కూడా ఉతికింది, కొత్త గలీబు కుట్టింది. రెండూ శనివారం బస్సులో వేసుకుని నేనే వస్తున్నా. బస్టాండుకి రావద్దు, ఆటోలో వస్తాను. నువ్వు ఈలోపు ఆ గేటు సంగతి చూడు.

మీ మావయ్య