పాళ్ల లెక్కలో తప్పు ఎక్కడ పడుతోంది?

ప్రశ్న: సిమెంటు, ఇసుక 1:6 పాళ్లలో కలిపి 42 తట్టల పొడి మిశ్రమం తయారుచేయడానికి ఏది ఎన్ని తట్టలు కావాలన్న లెక్కకు, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి 42ను 6తో భాగించి సిమెంటు 7 తట్టలని రాసింది. అది తప్పని తెలుసు గాని, ఎందుకు తప్పో దానికి అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నాను.
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీ అమ్మాయికి భాగహారం బాగానే వచ్చు. 6 అనే అంకె దేనిని చెబుతోందన్న దగ్గర పొరపాటు పడింది. 1:6 అంటే ఇసుక సిమెంటుకు ఆరు రెట్లని అర్థమే గాని, సిమెంటు మొత్తంలో ఆరో వంతని కాదు. మీ చుట్టుపక్కల ఇల్లు కడుతున్న చోటికి ఒక ఉదయం పాపను తీసుకువెళ్లి, తాపీ పనివారు మాలు కలపడం కాస్త దూరం నుంచి చూపించండి. ఆరు తట్టల ఇసుక పోసి, దానిమీద తట్టెడు సిమెంటు గుమ్మరించి, రంగంతా ఒక్కటయ్యేదాకా పారతో తిరగేస్తారు. ఆ కుప్పలో పడినవి ఏడు తట్టలని పాప తానే లెక్కపెట్టుకుంటుంది. 42 తట్టలంటే అలాంటి కుప్పలు ఆరు. కనుక సిమెంటు 6, ఇసుక 36 తట్టలు. తాను రాసిన జవాబును కూడా సరిచూడమనండి: సిమెంటు 7 అయితే ఇసుక 35 అవుతుంది, అవి 1:5 పాళ్లు.

లెక్కలో 'పొడి' అన్న మాట ఉండడం మంచిదే. సిమెంటు ఇసుక రేణువుల సందుల్లో సర్దుకుంటుంది కాబట్టి, ఏడు తట్టలు కలిపి నీళ్లు పోస్తే ఏడు తట్టల మాలు రాదు.

పిల్లలను ఎక్కువగా తికమకపెట్టేది, మొత్తం ఇవ్వకుండా తేడా ఇచ్చే లెక్క. సిమెంటు, ఇసుక, కంకర 1:1½:3 పాళ్లలో ఉండి, కంకర ఇసుక కంటే 9 తట్టలు ఎక్కువ అన్నారనుకోండి. ముందు అరను పోగొట్టడానికి అన్నింటినీ రెట్టింపు చేసి 2:3:6 అనుకోవాలి. కంకరకూ ఇసుకకూ తేడా 3 భాగాలు, అదే 9 తట్టలు. ఒక భాగం 3 తట్టలు. సిమెంటు 6, ఇసుక 9, కంకర 18. ఇచ్చిన అంకె మొత్తానిదా, ఒక సరుకుదా, తేడాదా అని పాప చేత ముందుగా రాయించండి. భాగహారం ఆ తర్వాతే.

ఇది వచ్చాక అసలు బస్తాతో లెక్క ఇవ్వండి. 50 కిలోల సిమెంటు బస్తా దాదాపు 35 లీటర్ల చోటు పడుతుంది. ఎం20 అనే (బలాన్ని బట్టి పెట్టిన పేరు) రకం కాంక్రీటుకు వాడే 1:1½:3 పాళ్లలో ఆ ఒక్క బస్తాకు ఇసుక 52.5 లీటర్లు, కంకర 105 లీటర్లు కావాలి.