కల్కి రెండో భాగం: అశ్వత్థామ, కర్ణుడు ఒకే ఇంటికి బాకీ

'కల్కి 2898 ఏడీ' సినిమా చివర కథానాయకుడు భైరవలో అతడి పూర్వజన్మ అయిన కర్ణుడు మేల్కొన్నాడు, ప్రతినాయకుడు యాస్కిన్ గాండీవం ఎత్తాడు, మరి రెండో భాగంలో కథ ఎటు వెళ్తుందని అడిగారు. కల్కి పుట్టుక చుట్టూ కంటే కర్ణుడి జ్ఞాపకం చుట్టూనే ఆ కథ తిరుగుతుందని నా అంచనా. అలా అనుకోవడానికి మా మామగారే కారణం.

సినిమా 2024 జూన్ 27న విడుదలైంది. ఆ వారంలోనే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సుదర్శన్ థియేటర్‌లో ఆయనతో కలిసి చూశాను. ఆయన తెలుగు లెక్చరర్‌గా పదవీ విరమణ చేసిన మనిషి. తిక్కన గారి పర్వాలు తప్ప మరేదీ మనసుపెట్టి చదవరు. అశ్వత్థామ చేతికర్ర భైరవ పట్టుకోగానే కర్ణుడి విల్లు విజయధనుస్సుగా మారినప్పుడు హాలంతా ఈలలు, గాల్లో కాగితం ముక్కలు. ఆ గోలలో ఆయన నా చెవి దగ్గరకు వంగి, "వీళ్లిద్దరికీ పడదు బాబూ, ద్రోణపర్వంలో ఒకసారి కత్తుల దాకా వెళ్లింది" అన్నారు. తిరుగు ప్రయాణంలో ఎం.జి.బి.ఎస్. స్టేషన్‌లో ఎల్.బి.నగర్ మెట్రో కోసం నిలబడ్డంతసేపూ ఆ ఘట్టమే చెప్పారు. పద్నాలుగోనాటి రాత్రియుద్ధంలో కృపాచార్యుణ్ని కర్ణుడు తూలనాడతాడు, నాలుక కోస్తానంటాడు. మేనమామను అంత మాట అన్నందుకు అశ్వత్థామ కత్తి దూసి కర్ణుడి మీదికి ఉరుకుతాడు. దుర్యోధనుడు అడ్డుపడితే గాని ఆ గొడవ చల్లారదు.

కాబట్టి సినిమాలో వీరిద్దరి కలయికను పాత మిత్రుల పునస్సమాగమంగా చూడడం నాకు సరైనదిగా తోచదు. స్నేహం కంటే వీరిని గట్టిగా కలిపేది ఉమ్మడి అపరాధం. అభిమన్యుణ్ని చుట్టుముట్టిన ఆరుగురు రథికుల్లో కర్ణుడూ ఉన్నాడు, అశ్వత్థామా ఉన్నాడు. ఆ అభిమన్యుడి భార్యే ఉత్తర. ఆమె గర్భం మీదే అశ్వత్థామ ఆ తరువాత అస్త్రం ప్రయోగించాడు, సినిమా మొదలైందే అక్కడి నుంచి. అంటే తండ్రి చావులో ఇద్దరికీ పాలుంది, బిడ్డ మీద దెబ్బ ఒకడిది. ఇప్పుడు ఆ ఇద్దరినే తెచ్చి కల్కిని మోస్తున్న మరో గర్భవతి, సుమతి ముందు నిలబెట్టారు. అశ్వత్థామ తన బాకీని వేల ఏళ్లుగా మోస్తూనే ఉన్నాడు. భైరవకు తన బాకీ సంగతే గుర్తులేదు. అతడి ధ్యాసంతా యూనిట్లు (ఆ లోకపు డబ్బు) కూడబెట్టి, యాస్కిన్ ఏలే సంపన్నుల నగరం కాంప్లెక్స్‌లోకి వెళ్లడం మీదే. దర్శకుడు నాగ్ అశ్విన్ ఉద్దేశపూర్వకంగా పేర్చకపోతే ఈ అమరిక ఇంత చక్కగా కుదరదని నా నమ్మకం.

గుర్తులేకపోవడం కర్ణుడికి కొత్త కాదు. అవసరమైన వేళ అస్త్రం స్ఫురణకు రాకుండా పోవాలన్నది పరశురాముడు అతడికిచ్చిన శాపం. విజయధనుస్సు కూడా పరశురాముడు ఇచ్చిందేనని కర్ణపర్వం చెబుతుంది. కల్కిపురాణంలో కల్కికి విద్య నేర్పే గురువూ ఆయనే, నేర్పేది మహేంద్రగిరి మీద. (ఆ పేరుగల కొండ మన శ్రీకాకుళం సరిహద్దుకు దగ్గరలోనే, ఒడిశాలో ఉంది.) పైగా ఆయన చిరంజీవి. ఒక వైపు శాపం, మరో వైపు శిష్యరికం, రెంటికీ నడుమ ఒకే మనిషి ఉన్నప్పుడు, రెండో భాగంలో కొత్తగా వచ్చే పెద్ద పాత్ర పరశురాముడిదే అయి ఉండాలి. కృపాచార్యుడు వస్తాడన్న వాదన కూడా విన్నాను; వస్తే ఆ రాత్రి తగాదా పైకి తీయవచ్చు గాని, కథను ముందుకు నెట్టే బలం ఆ పాత్రకు లేదు.

యాస్కిన్ అర్జునుడి మరుజన్మ అన్న ఊహ మాత్రం నాకు మింగుడుపడదు. సుమతి గర్భం నుంచి తీసిన ఒక్క చుక్క ఎక్కించుకున్నాకే అతడికి గాండీవాన్ని ఎత్తే సత్తువ వచ్చింది, అది పుట్టబోయే బిడ్డ బలమే. మహాప్రస్థానిక పర్వంలో అర్జునుడు ఆ వింటిని నీళ్లలో వదిలేస్తాడు, అది యాస్కిన్ దాకా ఎలా చేరిందో సినిమా చెప్పి తీరాలి. చివర అతడి నోట శ్రీశ్రీ 'జగన్నాథుని రథచక్రాలు' పలికించడం నాకు బాగా నచ్చింది. పతితులకు అభయమిచ్చే గీతాన్ని అతడు పాడుకుంటున్నాడంటే తనను తాను లోకాన్ని ఉద్ధరించేవాడిగానే భావిస్తున్నాడన్నమాట. విజయధనుస్సు గర్భాన్ని కాచే వైపు, గాండీవం దాన్ని కాజేసే వైపు నిలిచే యుద్ధంలో ఎదుటివాడు వట్టి దుర్మార్గుడైతే పస ఉండదు.

ఇక సుమతి విషయం. దీపికా పదుకొణె తరువాతి భాగంలో ఉండరని నిర్మాణసంస్థ వైజయంతీ మూవీస్ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. వేరే నటిని తీసుకోవచ్చు, లేదా ప్రసవాన్ని కథ తొలి సగంలోకి జరపవచ్చు. రెండోదే జరుగుతుందని నాకనిపిస్తోంది. అప్పుడు పసిబిడ్డను ఎత్తుకుని పరుగెత్తే పని భైరవ మీద పడుతుంది, కాంప్లెక్స్‌కు అమ్ముకోవాలా కాపాడాలా అన్న ఊగిసలాట అతడి పాత్రకు చక్కగా నప్పుతుంది. పెరిగి పెద్దవాడైన కల్కిని ఈ భాగంలో చూపిస్తారని నేను అనుకోను.

పురాణాలను పట్టుకుని ఊహించడానికి హద్దు ఉందని కూడా చెప్పాలి. శాస్త్రం ప్రకారం కలియుగం 4,32,000 సంవత్సరాలు. సినిమా మాత్రం క్రీ.పూ. 3102 నుంచి 6,000 ఏళ్లు లెక్కకట్టి 2898 దగ్గరే కల్కిని రప్పిస్తోంది. భాగవతంలో కల్కి తండ్రి విష్ణుయశుడు, ఇక్కడేమో ప్రయోగశాల గర్భం. పేర్లు, బంధాలు పురాణాల నుంచి తీసుకుని, సంఘటనలను దర్శకుడు తన ఇష్టానుసారం నడుపుతున్నాడు.

భైరవ నడిపే మాట్లాడే కారు బుజ్జి చివరికి కల్కి గుర్రమైన దేవదత్తం అవుతుందని చాలామంది అంటున్నారు. నాకు అందులో శల్యుడు కనిపిస్తున్నాడు. రథం తోలుతూనే కర్ణుణ్ని అడుగడుగునా దెప్పిపొడిచిన సారథి ఆయన. కీర్తి సురేశ్ గొంతుతో బుజ్జి భైరవను ఆడిపోసుకునే తీరు అచ్చం అదే. ఆ ఆరు టన్నుల బండికి ఉన్నవి మూడే చక్రాలు. వాటిలో ఒకటి నేలలో కూరుకుపోయే సన్నివేశం రెండో భాగంలో తప్పకుండా ఉంటుంది, ఎదురుగా గాండీవంతో యాస్కిన్ ఉంటాడు, భైరవ కిందికి దిగకుండా ఆ చక్రాన్ని ఎత్తేవాడు అశ్వత్థామ అవుతాడు.