ఇంట్లో ఏదో ఒకటి నానుతూ ఉండాలి

చిరంజీవి నాన్నకు,

పెద్దమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. మోకాలి నొప్పి దాని పని అది చేసుకుంటోంది, నా పని నేను చేసుకుంటున్నాను.

మొన్న ఫోన్లో నువ్వన్న మాటకి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. "అన్నీ ఉన్నాయి పెద్దమ్మా, కానీ ఇంట్లో సరదా లేదు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒకటే రోజు నడుస్తున్నట్టుంది" అన్నావు. అంతలో నీకేదో మీటింగ్ వచ్చింది, పెట్టేశావు. ఫోన్లో చెబితే సగం వింటావని కాగితం మీద పెడుతున్నాను. ధ్యానం చెయ్యమనో, తీర్థయాత్రలకి వెళ్లమనో రాయను, కంగారు పడకు.

నిరుడు దసరాకి వచ్చి మీ ఇంట్లో కొన్నాళ్లున్నాను కదా, అప్పుడే ఒక సంగతి గమనించాను. మీ ఇంట్లో ఏదీ తయారవుతూ ఉండదు. అన్నీ తయారయ్యే వస్తాయి. పెరుగు డబ్బాలో వస్తుంది. ఇడ్లీ పిండి ప్యాకెట్లో వస్తుంది. మొలకలు ప్లాస్టిక్ పెట్టెలో, పూలు మాల కట్టి. కొత్తిమీర కావాలంటే పది నిమిషాల్లో గుమ్మం దగ్గరుంది. ఆ కుర్రాడు లిఫ్టులోంచి పరిగెత్తుకుంటూ రావడం చూసి జాలేసింది గానీ, చారు పొయ్యి మీద ఉండగా కొత్తిమీర చేతికొచ్చినందుకు నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు. కరివేపాకుకి కూడా డబ్బులు తీసుకున్నారని తెలిసి మాత్రం మనసొప్పలేదు. అది కూరగాయలవాడు కొసరుగా వేసేది.

సదుపాయం తప్పని నేననను. కానీ ఏదీ తయారవుతూ లేని ఇంట్లో రేపు ఏమవుతుందో చూద్దామని ఎదురుచూడ్డానికి ఏమీ మిగలదు. నీకు కరువైంది అదేనని నాకనిపిస్తోంది. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నానుతూనో, పులుస్తూనో, ఎండుతూనో, మొలకెత్తుతూనో ఉండాలి. పెద్దపెద్దవి అక్కర్లేదు. ఒక గిన్నెడు చాలు.

పెరుగుతో మొదలుపెట్టు. నువ్వే పెట్టాలి, కోడలికి పురమాయించకు. పాలు కాచి పక్కన పెట్టి, చిటికెన వేలు ముంచితే హాయిగా ఓర్చుకునేంత వెచ్చగా ఉన్నప్పుడు అర చెంచా తోడు వేసి కలిపి మూత పెట్టు. మరీ వేడి మీద వేస్తే తోడులో ఉన్న బాక్టీరియా చచ్చిపోతుంది, మరీ చల్లారాక వేస్తే తోడుకోదు. ఎండాకాలం నాలుగైదు గంటల్లో గడ్డకడుతుంది, సాయంత్రమే వేస్తే పొద్దుటికి పుల్లబడుతుంది, అందుకని పడుకోబోయే ముందు వెయ్యి. చలికాలం గిన్నెకి తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టు. ఎప్పుడైనా తోడు నిండుకుంటే తొడిమలతో సహా రెండు పచ్చిమిరపకాయలు గోరువెచ్చని పాలలో వేసి చూడు. మొదటిసారి పల్చగా వస్తుంది, దాంతో మళ్లీ తోడు పెడితే గట్టిపడుతుంది.

పొద్దున్నే మూత తీసి గిన్నెని కాస్త వంచి చూస్తాం చూడు, కదలకుండా నిలబడిందా, జారిపోయిందా అని. ఇంత పురాణమూ ఆ ఒక్క చూపు కోసమే. పెళ్లైన దగ్గర్నుంచీ చూస్తున్నాను, ఇప్పటికీ గిన్నె వంచకుండా మూత పెట్టలేను. ఎందుకంటే ఆ పని మన చేతిలో సగమే ఉంది. మిగతా సగం పాలది, ఆ రాత్రి చలిది. నీ ఆఫీసులో జరిగే ప్రతిదానికీ నువ్వే జవాబుదారీవి అంటావు కదా. ఇక్కడ పెరుగు పులిస్తే నిన్నెవరూ నిలదీయరు, మజ్జిగ పులుసు పెట్టుకుంటారు.

మీ పెదనాన్న వంటింట్లో చేసిన పని ఒక్కటే, రాత్రి పడుకోబోయే ముందు కాఫీ డికాక్షన్ వెయ్యడం. ఫిల్టరు పై గిన్నెలో పొడి వేసి, పైపైన నొక్కి, మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, లైటు ఆర్పి వచ్చేవారు. నన్ను వెయ్యనిచ్చేవారు కాదు, నేను పొడి గట్టిగా నొక్కేస్తానట. "పావుగంటలోనో ఇరవై నిమిషాల్లోనో దిగిపోయే దానికి రాత్రి నుంచీ ఎందుకు, పొద్దున్నే వేసుకోవచ్చుగా" అంటే, "లేవడానికి ఒక కారణం ఉండొద్దటే" అనేవారు. నవ్వుతూనే అనేవారు గానీ, అలారం లేకుండా ఐదింటికల్లా లేచి కూర్చునేవారు. ఆయన పోయాక నేనే వేసుకుంటున్నాను. గట్టిగానే నొక్కుతున్నాను.

బుజ్జిదాని సంగతి. వీడియో ఆగి చక్రం తిరిగితే చాలు, దానికి ఏడుపొస్తుంది. దానికి రెండు గుప్పెళ్ల పెసలు ఇవ్వు. రాత్రి నానబెట్టించు, పొద్దున్న నీళ్లు వంపించి తడిగుడ్డలో మూట కట్టించు. మర్నాటికి తోకలొస్తాయి. ఈలోపు అది మూట పదిసార్లు విప్పి చూస్తుంది, చూడనీ. పాడైపోతుందని కసరకు, ఏమీ పాడవదు, గుడ్డ ఆరిపోకుండా చూసుకుంటే చాలు. అది అలవాటయ్యాక బాల్కనీలో పాత టబ్బులో మట్టి పోసి, పోపుల డబ్బాలోని మెంతులే చల్లించు. మూడు నాలుగు రోజుల్లో మొలకలొస్తాయి, మూడు నాలుగు వారాల్లో పప్పులోకి కోసుకోవచ్చు. తను వేసిన మెంతికూర పప్పు పిల్ల వద్దంటుందేమో చూద్దాం. ఇడ్లీ పిండి కూడా ఆదివారం నాడు దాని ఎదురుగానే రుబ్బండి, మినప్పప్పు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు గ్లాసులు. పొంగి గిన్నె దాటి గట్టు మీదికి వచ్చిన పిండిని మొదట చూడ్డం కోసం అది నీకంటే ముందు లేస్తుంది. గట్టు తుడిచే పని నీది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీరిద్దరూ మాట్లాడుకోవడం తగ్గిందని నువ్వు చెప్పలేదు. నేనే చూశాను. తగవులేం లేవు, ఆ మాటకొస్తే తగవు పడ్డానికి కూడా తీరిక లేదు. భోజనాల దగ్గర ఇద్దరూ పిల్లకి తినిపించే హడావుడిలో ఉంటారు, తర్వాత చెరో ల్యాప్‌టాప్. నెలకోసారి బయటికెళ్లి, ఎదురెదురుగా కూర్చుని, ఇప్పుడు మాట్లాడుకుందాం అంటే మాటలు రావురా. అలా కూర్చోబెడితే అది పంచాయితీ అవుతుంది. చేతులు పనిలో ఉండి, కళ్లు కలవనప్పుడు మనుషుల నోట మాట వస్తుంది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నప్పుడు, గోంగూర ఒలుస్తున్నప్పుడు, వేరుశనగకాయలు కొడుతున్నప్పుడు. మా అత్తగారు మహా గుంభనం మనిషి. ఆవిడ పుట్టింటి సంగతులు, పోయిన పిల్లల సంగతులు, మావగారి అప్పుల సంగతులు, అన్నీ నేను విన్నది చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న మధ్యాహ్నాల్లోనే. మొహంలో మొహం పెట్టి అడిగుంటే ఒక్క ముక్క చెప్పేది కాదు.

అందుకని ఎండాకాలం వచ్చాక ఒక పని చెయ్యి. కట్టిన మాల కొనకు, విడి మల్లెమొగ్గలు కొను. మీకు హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ఎటూ ఉంది, అంత దూరం పోలేకపోతే మీ సందు చివర బండి మీదైనా దొరుకుతాయి. మధ్యాహ్నం మొగ్గ గట్టిగా, తెల్లగా ఉన్నప్పుడు తెచ్చి తడిగుడ్డలో పెట్టు. సాయంత్రం ఇద్దరూ కింద కూర్చోండి, ఒకరు రెండేసి మొగ్గలు అందివ్వాలి, ఇంకొకరు కట్టాలి. కట్టడం రాదంటావు. మీ అమ్మకి వచ్చు, వీడియో కాల్లో నేర్పిస్తుంది, ఆ ఫోనుతో ఇంతకంటే మంచి పని నువ్వు చేసి ఉండవు. మొదట వంకరగా వస్తుంది, ముడి జారి పూలు రాలతాయి, కోడలు నవ్వుతుంది. నవ్వనీ. చీకటి పడేసరికి మొగ్గలు వాటంతటవే విచ్చుకుంటాయి. మాల ఆమె జడలో పెట్టుకున్నా సరే, జడ లేదంటే దిండు పక్కన పెట్టుకున్నా సరే. ఆఫీసు ఫోన్ వస్తే? వస్తుంది. చేతిలో దారం ఉందని చెప్పు.

మన పెద్దవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసనుకుంటాను. తెలుగు క్యాలెండర్లో చిన్న అక్షరాలతో కార్తెలు వేస్తారు, చూశావా ఎప్పుడైనా? ఏడాదికి 27, ఒక్కోటి 13, 14 రోజులు. అవి వ్యవసాయం కోసం పెట్టుకున్నవే, ఎప్పుడు దున్నాలో ఎప్పుడు విత్తాలో చెప్పడానికి. కానీ ఇంట్లో ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా పక్షానికో ముచ్చట వాటితో వచ్చేది. మే నెలాఖర్లో రోహిణి వస్తుంది, రోళ్లు పగిలే ఎండ అంటారు. మజ్జిగ మిరపకాయలు అప్పుడే పెట్టాలి. పగలు ఎండలో, రాత్రి మళ్లీ మజ్జిగలో, ఆ మజ్జిగంతా కాయలు పీల్చేసేదాకా అలా తిప్పుతూ ఉండాలి. మీ బాల్కనీ ఎండ చాలు. జూన్ 7, 8 ప్రాంతంలో మృగశిర. మనవైపు బెల్లంలో ఇంగువ కలిపి ఉండ చేసి నోట్లో వేస్తారు, మీ హైదరాబాద్‌లో ఆ రోజు చేపల కోసం బారులు తీరతారు. తర్వాత ఆరుద్ర. తొలకరి పడ్డ నేల మీద ముఖమల్ గుడ్డ కత్తిరించినట్టు ఎర్రటి పురుగులు తిరుగుతాయి, మీ అమ్మ చిన్నప్పుడు వాటిని అగ్గిపెట్టెలో పెట్టుకుని బడికి తీసుకెళ్లి దెబ్బలు తింది. మీకు దగ్గర్లో మట్టీ గడ్డీ ఉన్న చోటు చూసి బుజ్జిదాన్ని తీసుకెళ్లు. అరచేతిలో పాకించుకుని వదిలెయ్యమను. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం పెడతారు. ఫ్లాట్ ముందు నాలుగు టైల్స్ మేర చోటుంది కదా, బియ్యప్పిండితో చిన్న చుక్కల ముగ్గు పెట్టండి. రేపేం ముగ్గు వెయ్యాలో రాత్రే నోటుబుక్కులో గీసి చూసుకోవడం దాని సగం సరదా.

రేడియో గురించి కూడా ఒక్క మాట. విజయవాడ ఆకాశవాణి 1948లో పెట్టారు, వివిధభారతి 1957లో వచ్చింది. మా ఇంట్లో రేడియో కొన్నాక జనరంజని వస్తుంటే వంటిల్లు ఆగిపోయేది. ఏ పాట వేస్తారో తెలియదు, కోరినవాళ్ల పేర్లు ఊళ్లతో సహా చదువుతుంటే మన ఊరు వస్తుందేమోనని చెవులు రిక్కించేవాళ్లం. నీ ఫోన్లో నీకు కావలసిన పాట నొక్కితే వస్తుంది, మంచిదే. కానీ అనుకోకుండా ఇష్టమైన పాట తగలడమన్నది అందులో లేదు. పొద్దున్న వంట చేసేటప్పుడు రేడియో పెట్టి వదిలెయ్యి, నచ్చని పాటలు కూడా రానీ.

ఇక్కడొకటి గట్టిగా చెప్పాలి. ఇదంతా చదివి, పెద్దమ్మ చెప్పిందని కోడలి నెత్తిన ఇంకో నాలుగు పనులు పెట్టావో, ఊరుకోను. ఇంటి పనిలో ఎంతో ఆనందం ఉందని చెప్పేవాళ్లలో చాలామంది అంట్లు తోమని వాళ్లే. అంట్లు తోమడంలో ఏ ఆనందమూ లేదు, యాభై ఏళ్లకి పైగా తోమిన దాన్ని చెబుతున్నాను. మిషన్ ఉంటే మిషన్‌లో వెయ్యి, పనమ్మాయి వస్తే ఆమె అడిగినంత జీతం ఇవ్వు. నేను చెప్పినవన్నీ ముందు నీ పనులు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు కూర్చుని సంతోషపడే ఇంట్లో, చేసే మనిషికి ఆ సంతోషంలో వాటా ఉండదు. అన్నీ ఒకేసారి మొదలెట్టకు, రెండు వారాల్లో విసుగొస్తుంది. ముందు పెరుగు. అది చేతికి పట్టుబడ్డాక రెండోది. ఆఫీసులో ఒత్తిడి ఉన్న వారం పిండి ప్యాకెట్టే తెచ్చుకోండి, ఎవరూ లెక్కలు చూడరు. పిల్లకి జ్వరమొచ్చిన రాత్రి తోడు వెయ్యడం మర్చిపోతే మర్చిపో.

ఇక ఆవకాయ. ఏప్రిల్ నెలాఖరుకి నూజివీడు వైపు నుంచి పచ్చడి కాయ దిగుతుంది. ఈసారి జాడీ పార్సిల్ చెయ్యను, ముగ్గురూ రండి. ఒక్క రోజుకని వచ్చి పారిపోతే కుదరదు, మూడో రోజు దాకా ఉండేలా ఇప్పుడే సెలవు పెట్టుకో. కాయలు కడిగి, తుడిచి, టెంకతో ముక్కలు కొట్టించుకొచ్చేది నువ్వు. జీడి తీసి, టెంక లోపలి పొర పొడిగుడ్డతో తుడిచేది బుజ్జిది, దాని వేళ్లు చిన్నవి కాబట్టి ఆ పని దానికే వస్తుంది. కారం, ఆవపిండి, ఉప్పు సమంగా పొయ్యమంటారు గానీ నేను ఉప్పు గుప్పెడు తగ్గిస్తాను, చాలకపోతే తర్వాత కలుపుకోవచ్చు. నువ్వుల నూనె నేను ఆడించి ఉంచుతాను. కలిపిన బేసిన్‌లో అడుగంటిన పిండిలో వేడన్నం, నెయ్యి వేసి కలిపి అందరికీ ముద్దలు పెడతాను, అందుకని ఆ పూట దారిలో టిఫిన్లు తినకుండా రండి. మూడో రోజు తిరగకలిపి, ఉప్పు చూసి, జాడీకి వాసెన కట్టాకే మీ ప్రయాణం. ఉప్పు చూసేది కోడలు. నీ నాలుక మీద నాకు నమ్మకం లేదు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ